'ఇప్పుడేం చదవమంటారు?' అని అడిగే ముందు: నచ్చిన, నచ్చని పుస్తకాల నోటుబుక్కు రాసుకునే పద్ధతి

డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలు మొదలయ్యాయంటే చాలు, నన్ను అందరూ ఒకటే ప్రశ్న అడుగుతారు. "మంచి పుస్తకం ఒకటి చెప్పండి. చదివే అలవాటు పోయింది, మళ్ళీ మొదలుపెట్టాలి." నేను వెంటనే పేరు చెప్పను. "ఈమధ్య ఏ పుస్తకం సగంలో ఆపేశారు? ఎన్నో పేజీలో ఆపారు?" అని తిరిగి అడుగుతాను. చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. నచ్చినవి అడిగితే మాత్రం టకటకా నాలుగు పేర్లు చెబుతారు. అందులో రెండు ఎవరో గొప్పవని చెబితే విన్నవే అయి ఉంటాయి.

మీకు ఏం నచ్చుతుందో నాకు తెలియాలంటే ముందు ఏం నచ్చలేదో మీకు తెలియాలి. అందుకే ఒక నోటుబుక్కు పెట్టుకోమంటాను. ఈ పద్ధతి నాకు మా అమ్మ దగ్గర అబ్బింది. వారపత్రికల్లో సీరియళ్ళు వచ్చే రోజుల్లో ఆమె ప్రతివారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి దాచేది. సీరియల్ అయిపోయాక అన్నీ కలిపి దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసేది. అట్ట లోపలి వైపు పెన్సిలుతో ఒక వాక్యం రాసేది. ఒకదానిమీద "రెండోసారి చదివాను. ఆఖరి మూడు వారాలూ తొందర తొందరగా ముగించేశారు" అని ఉంది. ఇంకోదాంట్లో ఒక వారం పేజీలు లేవు. వాటి బదులు, పక్కింటావిడ నోటివెంట విన్న కథను అమ్మ తన చేత్తో ఒక తెల్లకాగితం మీద రాసి కుట్టింది. కింద చెప్పేదంతా ఆ ఒక్క వాక్యాన్ని కొంచెం పెంచి చూపడమే.

కావలసినవి

- 100 పేజీల నోటుబుక్కు ఒకటి. గీతలున్నదైతే మేలు.
- రాయడానికి సాఫీగా ఉండే పెన్ను.
- పోస్టుకార్డు సైజులో కత్తిరించిన తెల్ల అట్టముక్కలు ఓ పది. పేజీ గుర్తుకు పెట్టుకోవడానికీ, చదువుతూ పేజీ నంబర్లు రాసుకోవడానికీ ఇవే.
- మొదటిరోజు ఓ గంట. ఆ తర్వాత పుస్తకానికి పది నిమిషాలు.

ఫోనులో రాసుకోవచ్చా అని అడుగుతారు. రాసుకోవచ్చు, కానీ మొదటి మూడు నెలలూ వద్దు. రాద్దామని ఫోను తెరిస్తే ఏదో మెసేజ్ కనిపిస్తుంది, చదివింది మనసులోంచి జారిపోతుంది. చేతిరాత కష్టమైనవాళ్ళు ఫోనులో మాట్లాడి రికార్డు చేసుకోండి, తర్వాత ఎవరిచేతనైనా రాయించుకోండి.

నక్షత్రాలూ మార్కులూ ఇందులో ఉండవు. పదికి ఏడు అని వేసుకుంటే ఆర్నెల్ల తర్వాత ఆ ఏడు ఎందుకు వేశారో మీకే గుర్తుండదు.

1. నచ్చినవాటి జాబితా: అలమార వైపు చూడకుండా

పుస్తకాల అలమారకు వీపు పెట్టి కూర్చోండి. మీకు నచ్చిన పది పుస్తకాల పేర్లు గుర్తొచ్చిన వరుసలోనే రాయండి. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయాలి: ఎప్పుడు చదివారు, ఎలా చేతికొచ్చింది, ఇప్పటికీ కళ్ళముందు కనబడే ఒక్క దృశ్యం ఏది.

ఆ మూడోదే అసలు పరీక్ష. ఉదాహరణకు నా నోటుబుక్కులో 'బారిస్టర్ పార్వతీశం' నవల పక్కన ఉన్నది "ఆడవాళ్ళదని తెలియక కొనుక్కున్న టోపీ" అన్న ముక్క ఒక్కటే. అది చాలు. ఆ టోపీ గుర్తొస్తే మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయల్దేరిన ఆ కుర్రాడి ప్రయాణమంతా గుర్తొస్తుంది.

పేరు రాశారు, దృశ్యం ఒక్కటీ గుర్తురాలేదు. అలాంటిదాన్ని కొట్టేయండి. అది చెడ్డ పుస్తకమని కాదు, మీ ఇష్టాల జాబితాలో దానికి చోటు లేదంతే. పదింటిలో నాలుగే మిగిలినా టెన్షన్ పడకండి. నిజమైన నాలుగు చాలు.

జాగ్రత్త: సినిమాగా వచ్చిన నవలల దగ్గర ఆగి చూసుకోండి. గుర్తొచ్చిన దృశ్యం పేజీలోదా, తెరమీదదా? నటుడి ముఖం కనబడుతుంటే అది సినిమా జ్ఞాపకం. జాబితాలోంచి తీసేయండి.

2. నచ్చనివాటి జాబితా: ఇక్కడ తొందరపడకండి

ఈ పద్ధతిలో ఎక్కువ ఫలితమిచ్చేది ఈ మెట్టే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. పేరున్న రచయిత పుస్తకం నచ్చలేదని రాసుకోవడానికి మొహమాటపడతారు. ఈ నోటుబుక్కు మీరు ఎవరికీ చూపించక్కర్లేదు. ధైర్యంగా రాయండి.

మూడు గళ్ళు గీయండి: పుస్తకం పేరు, ఆపిన పేజీ, విసుగు పుట్టిన చోటు. ఆపిన పేజీ అంకె గుర్తులేకపోతే పుస్తకం తీసి చూడండి. మడతపెట్టిన మూలో, బస్సు టికెట్టో ఇంకా అక్కడే ఉంటుంది.

రాశాక ఒక్కో పుస్తకాన్నీ ఈ మూడింట్లో ఏదో ఒక దాంట్లో వేయండి.

*ప్రతి (చేతిలో ఉన్న కాపీ) తప్పు.* అక్షరాలు మరీ చిన్నవి, వెనక పేజీ సిరా ఇవతలికి కనబడుతోంది, ప్రతి పేరాలో అచ్చుతప్పులు, స్కాను చేసిన పీడీఎఫ్‌లో అంచులు కోసుకుపోయాయి. ఇది పుస్తకం నేరం కాదు. వేరే ముద్రణ వెతకండి.

*వేళ తప్పు.* పరీక్షల ముందు చదివారు. ఆసుపత్రి వరండాలో కూర్చుని చదివారు. పదిహేనేళ్ళప్పుడు బలవంతాన చదివించారు. వీటి పక్కన "మళ్ళీ చూడాలి" అని రాసి వదిలేయండి.

*నిజంగా నచ్చనిది.* మంచి ప్రతిలో, మనసు కుదురుగా ఉన్నప్పుడు చదివినా నచ్చలేదు. మీకు పనికొచ్చేది ఈ జాబితా.

ఈ విభజన ఎందుకంటే, ఒక పెద్ద నవల నాకు నచ్చలేదని పన్నెండేళ్ళపాటు అందరికీ చెబుతూ తిరిగాను. 61వ పేజీలో ఆపాను. తర్వాత గ్రంథాలయంలో గట్టి బైండు వేసిన పాత ముద్రణ దొరికింది, నాలుగు రోజుల్లో పూర్తిచేశాను. మొదటిసారి చదివింది ఫోనులో, మసక స్కాను. ఒత్తులు కూడా సరిగ్గా కనబడేవి కావు. పన్నెండేళ్ళూ నేను నిందించింది రచయితని.

3. 'బాగుంది' అన్న మాట లేకుండా కారణం రాయండి

నిజంగా నచ్చినదానికీ నిజంగా నచ్చనిదానికీ రెండేసి వాక్యాల్లో కారణం రాయాలి. ఈ మాటలు వాడకూడదు: బాగుంది, బాలేదు, బోర్, సూపర్, అద్భుతం, గుండెని పిండేసింది. ఇవి మీకు ఏం జరిగిందో చెబుతాయి, పుస్తకంలో ఏముందో చెప్పవు.

వాటి బదులు ఈ ప్రశ్నలు వేసుకోండి. కథ ఎవరు చెబుతున్నారు, 'నేను' అని చెప్పుకునే మనిషా, పైనుంచి అన్నీ తెలిసినవాళ్ళా? మాటలు ఎక్కువా, వర్ణన ఎక్కువా? ఏ ఊరి భాష? కథ ఒక్క రోజులో నడిచిందా, మూడు తరాలా? రచయిత మధ్యలో ఆగి నీతి చెబుతున్నారా? చివర ముడి విప్పారా, అలాగే వదిలేశారా?

ఒకరికి నేను దగ్గరుండి రాయించిన తీరు చూడండి. ఆయన మొదట రాసింది: "చాలా బోర్. ముందుకు కదల్లేదు." ఎక్కడ కదల్లేదని అడిగితే పుస్తకం తెరిచి చూపించారు. ఇద్దరు స్నేహితులు చెరువుగట్టు మీద కూర్చుని తొమ్మిది పేజీలు దేశం గురించి మాట్లాడుకుంటున్నారు. అప్పుడు రాసింది: "పాత్రలు ఏ పనీ చేయకుండా కూర్చుని అభిప్రాయాలు చెప్పుకుంటే నాకు విసుగు. అదే సంగతి పొలంలో పనిచేస్తూ మాట్లాడుకుంటే చదవగలను." ఈ రెండో వాక్యం ఉంటే చాలు, ఆయనకు తగిన పుస్తకం వెతకడం ఎవరికైనా తేలిక. మొదటి వాక్యంతో ఎవరూ ఏమీ చేయలేరు.

నచ్చినదానికీ అంతే. "కుటుంబ కథ, బాగుంది" అని కాదు. "వంటింట్లో ఆడవాళ్ళు మాట్లాడుకునే మాటల్లోనే కథ మొత్తం తెలుస్తుంది, రచయిత విడిగా ఏమీ చెప్పరు" అని రాయండి.

పది వాక్యాలు పోగయ్యాక ఒకసారి వరుసగా చదవండి. ఒకే కారణం రెండు మూడు చోట్ల కనబడుతుంది. దాని కింద గీత పెట్టండి. మీ అభిరుచి అంటే అదే.

4. కొత్త పుస్తకం మొదలుపెట్టేటప్పుడు ముందుమాట ఆఖరున

మన పుస్తకాలకు ముందుమాటలు ఎక్కువ. ఒక్కోదానికి మూడు, నాలుగు కూడా ఉంటాయి. చాలావాటిలో కథంతా చెప్పేసి, ఎక్కడ ఏడవాలో కూడా ముందే చెప్పేస్తారు. అవి చదివాక మీకు కలిగిన అభిప్రాయం మీదో, ముందుమాట రాసినవారిదో తేల్చుకోలేరు. రబ్బరు బ్యాండు వేసి ఆ పేజీలు మూసేయండి. కథ అయ్యాక చదవండి. అప్పుడు మీ మాటకూ ఆయన మాటకూ ఎక్కడ తేడా వచ్చిందో చూడటం చాలా బాగుంటుంది.

దీనికి మినహాయింపు ఉంది. పాత కావ్యాలకూ, వందేళ్ళనాటి రచనలకూ పరిష్కర్త (పాత ప్రతులు సరిచూసి అచ్చువేయించినవారు) రాసిన పీఠిక ముందే కావాలి. ఏ ప్రతి ఆధారంగా అచ్చువేశారో అందులో ఉంటుంది.

చదువుతున్నంతసేపూ అట్టముక్క దగ్గర ఉంచుకోండి. ఆగి మళ్ళీ చదవాలనిపించిన పేజీ నంబరు ఒకవైపు, దాటేయాలనిపించిన పేజీ నంబరు రెండోవైపు. నంబర్లు చాలు. పుస్తకం అయ్యాక రెండు వైపులా చూస్తే మూడో మెట్టులో రాయాల్సింది దానంతటదే దొరుకుతుంది.

5. ఎక్కడ ఆపేయాలి

మొదలుపెట్టిన పుస్తకం పూర్తిచేయకపోతే తప్పేమో అన్న భయంతోనే చాలామంది చదవడం మానేస్తారు. ఒకటి గొంతులో అడ్డంపడితే రెండోది ముట్టుకోరు. నేను పాటించే లెక్క ఇది.

- 300 పేజీల లోపు నవల: 50 పేజీలు.
- అంతకన్నా పెద్దది: 100 పేజీలు. పెద్ద నవలలు ఊరినీ మనుషుల్నీ పరిచయం చేయడానికే చాలా పేజీలు తీసుకుంటాయి.
- కథల సంపుటి: మొదటిది, మధ్యలోది, చివరిది. మూడూ నచ్చకపోతే ఆపేయొచ్చు.
- కవిత్వం: వేర్వేరు రోజుల్లో ఐదుసార్లు ఎక్కడ పడితే అక్కడ తెరిచి చదవండి.

ఆపేస్తే పేజీ నంబరు, తేదీ రాయాలి. రాయకుండా వదిలేసినదాన్ని నేను ఆపినట్టు లెక్కపెట్టను, పోగొట్టుకున్నట్టే.

యాస వల్ల అడ్డుపడుతుంటే మాత్రం ఈ లెక్క చెల్లదు. శ్రీకాకుళం, చిత్తూరు, తెలంగాణ పల్లెల మాటలో రాసిన కథలు వేరే ప్రాంతంవాళ్ళకు మొదట కంటికి అడ్డం తగులుతాయి. చెవికి అడ్డం రావు. ఓ పది పేజీలు పైకి చదవండి, లేదా ఇంట్లో ఎవరైనా చదువుతుంటే వినండి. పదకొండో పేజీకి మాట పట్టుబడుతుంది. గ్రాంథిక భాషకూ ఇదే మందు. పైకి చదివాక కూడా నచ్చకపోతే అప్పుడు ఆపండి.

అనువాదాలైతే ఇంకో మాట. వాక్యం ఏ చివర పట్టుకోవాలో తెలియకుండా ఉంటే మూల రచయితని నిందించకండి. అదే పుస్తకానికి ఇంకో అనువాదం ఉందేమో చూడండి. నోటుబుక్కులో అనువాదకుల పేరు తప్పకుండా రాసుకోండి. ఎవరి తెలుగు మీకు సరిపడుతుందో కొన్నాళ్ళకు తెలుస్తుంది.

6. తర్వాతి పుస్తకం ఎంచుకోవడం

గీత పెట్టిన కారణాలు చేతిలో పట్టుకుని పుస్తకాల దుకాణానికి వెళ్ళండి. వెనక అట్ట చదవద్దు. మధ్యలో, 57వ పేజీయో 83వ పేజీయో తెరిచి అక్కడే నిలబడి రెండు పేజీలు చదవండి. మొదటి పేజీ ప్రతి రచయితా పదిసార్లు దిద్ది రాస్తారు. మధ్య పేజీలో మామూలు నడక తెలుస్తుంది.

మూడు పుస్తకాలు కొంటే ఒకటి మీకు తెలిసిన ఇష్టంలోంచి, ఒకటి దాని పక్కనుంచి, ఒకటి మీరు విసుక్కునే రకంలోంచి తీసుకోండి. ప్రదర్శనలో రాయితీ చూసి సంచీ నింపుకోకండి. చదవని పుస్తకాల గుట్ట ఎదురుగా ఉంటే ఏది తీయాలో తోచక ఫోను తీస్తాం.

కొనే ముందు రెండు తనిఖీలు. మొదటిది, పేజీలన్నీ ఉన్నాయా? పుస్తకాలు ఫారాలుగా (మడిచిన పెద్ద కాగితాలుగా) అచ్చవుతాయి, సాధారణంగా ఫారానికి 16 పేజీలు. బైండింగులో ఒక ఫారం జారిపోవడం, ఒకటే రెండుసార్లు పడటం జరుగుతుంటుంది. పేజీ నంబర్లు 16, 32, 48 అలా చకచకా తిప్పి చూడండి. హైదరాబాదులో ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాలు కొనేవాళ్ళు ఇది అస్సలు మరవకూడదు. చివరి పేజీలు ఉన్నాయో లేదో కూడా.

రెండోది, చేతిలో ఉన్నది మొత్తమేనా? 'బారిస్టర్ పార్వతీశం' మూడు భాగాలు. మొదటి భాగం 1924లో వచ్చింది. అదొక్కటే చదివి పూర్తయిందనుకునేవాళ్ళు చాలామంది. 'కన్యాశుల్కం' నాటకం 1897లో అచ్చయినదొకటి, 1909లో గురజాడ తిరగరాసి బాగా పెంచినదొకటి. మామూలుగా దొరికేది, అందరూ మాట్లాడుకునేది రెండోదే. మొదటిది చదివి "ఇంత పేరెందుకు?" అనుకుంటే తప్పు మీది కాదు, ప్రతి వేరు.

కొనడం కష్టమైతే దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. మీరు కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు కూడా కలిసే ఉంటుంది, కాబట్టి అది మీ డబ్బుతో నడుస్తున్నదే. అలవాటు పూర్తిగా తప్పినవాళ్ళు నవలతో మొదలుపెట్టొద్దు, కథలతో మొదలుపెట్టండి. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' అలాంటివారికి నేను ఎక్కువగా చెప్పే పుస్తకం. 100 కథలు, ఒక్కోటి రెండు మూడు పేజీలు, ఒకే ఊరు. రోజుకొకటి చదివితే కాఫీ చల్లారే లోపు అయిపోతుంది. కథకుడు కాళీపట్నం రామారావు (కారా మాస్టారు) 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల గ్రంథాలయం 'కథానిలయం' వెబ్‌సైటులో పత్రికల్లో అచ్చయిన పాత కథలు వేలల్లో ఉన్నాయి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి పోస్టేజీకి భయపడేవాళ్ళకు అది నిజంగా పెన్నిధి. స్కాన్లే కాబట్టి ఫోనులో కాదు, కాస్త పెద్ద తెర మీద చదవండి.

తరచూ చేసే తప్పులు

నెల తర్వాత రాద్దామనుకోవడం. పుస్తకం మూసిన రోజే రాయాలి. నెలైతే మీకు గుర్తుండేది కథ సారాంశమే.

రచయిత మీద కోపాన్ని పుస్తకం ఖాతాలో రాయడం. ఆయన ఎక్కడో అన్న మాట మీకు నచ్చలేదు, సరే. అది వేరే పేజీలో రాసుకోండి.

మీకు నచ్చినదాన్ని ఇంట్లోవాళ్ళ నెత్తిన రుద్దడం. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. పదేళ్ళ పిల్ల "ఈ పుస్తకం నచ్చలేదు" అంటే "ఎంత మంచి పుస్తకం!" అని గద్దించకండి. ఎన్నో పేజీలో నచ్చలేదో అడగండి. ఆ జవాబు చెప్పడం నేర్చుకున్న పిల్ల జీవితాంతం చదువుతుంది. పెద్ద క్లాసుకు వచ్చాక మీరే ఆమెను ఏం చదవాలో అడుగుతారు.

ఇతరుల పుస్తకాల్లో రాయడం. అద్దె పుస్తకాల షాపులున్న కాలంలో నవలల మార్జిన్లలో పాఠకుల రాతలు చూసేవుంటారు. "ఈయన చనిపోతాడు" అని పదో పేజీలోనే రాసిన మహానుభావులుండేవారు. మీ అభిప్రాయానికి మీ నోటుబుక్కు ఉంది.

అరువు రాసుకోకపోవడం. నోటుబుక్కు చివరి రెండు పేజీలు దీనికే. పుస్తకం, తీసుకున్నవారు, తేదీ. వాళ్ళ ఎదురుగానే రాయండి, వాళ్ళచేతే సంతకం పెట్టించండి. నా లెక్కలో ఇలా రాసుకున్నవి చాలావరకు తిరిగొచ్చాయి, రాయనివి రాలేదు.

పని చేస్తోందో లేదో చూసుకోవడం

కొత్త పుస్తకం మొదలుపెట్టే ముందు నోటుబుక్కులో ఒక వాక్యం రాయండి: నచ్చుతుంది లేదా నచ్చదు, ఎందుకు. పూర్తిచేశాకో, ఆపేశాకో ఫలితం రాయండి. పది పుస్తకాలయ్యాక లెక్కపెట్టండి.

ఆరో ఏడో సరిపోతే నోటుబుక్కు బాగా పనిచేస్తోంది. మూడు, నాలుగే సరిపోతే కారణాలు ఇంకా గాలిలో రాస్తున్నారు, మూడో మెట్టుకి వెళ్ళండి. పదికి పదీ సరిపోతే సంతోషించకండి. ఒకే రకం పుస్తకాలు తిరగేస్తున్నారని దానర్థం. తర్వాతి రెండూ విసుక్కునే జాబితాకి దగ్గరగా ఉన్నవి తీసుకోండి.

ఇంకో పరీక్ష: చదివినదాన్ని ఎవరికైనా రెండు నిమిషాల్లో చెప్పండి, కథ కాదు, మీరు ఎక్కడ ఆగారో. వినేవాళ్ళు "ఏదీ, ఒకసారి ఇవ్వండి" అని చెయ్యి చాపితే మీరు రాసిన కారణం సరైనదే. వెంటనే చివరి పేజీ తెరిచి అరువు రాసుకోండి.

ఏడాదికోసారి, ఉగాదికో మీ పుట్టినరోజుకో, నచ్చనివాటి జాబితా తీయండి. "మళ్ళీ చూడాలి" అని రాసినవాటిలో ఒకటి ఎంచుకుని, ఆపిన పేజీ నుంచి కాకుండా మొదటినుంచి చదవండి. ఈసారీ అక్కడే ఆగిపోతే పాత అంకె పక్కన కొత్త తేదీ వేయండి. దాటితే కింద ఇంకో వరుస రాయండి. పాత వరుస కొట్టేయొద్దు. నా నోటుబుక్కులో 61 అన్న అంకె అలాగే ఉంది, దాని కింద "పూర్తి. 4 రోజులు" అని.